చిన్నత్త చెప్పిన చెప్పుల సినిమా

పోయిన నెల ఒక మంగళవారం, మధ్యాహ్నం భోజనమయ్యాక, వసారాలో చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ టీవీ పెట్టుకుని కూర్చున్నాను. పాత సినిమాలు వేసే చానల్లో, వచ్చే ఆదివారం మధ్యాహ్నం వేయబోయే సినిమా గురించి ప్రకటన వచ్చింది. ఎంతసేపు, రెప్ప వాల్చి ఎత్తేంత సేపు. ఒక గడప, గడపకు బయట ఒక జత మగవాళ్ల తోలు చెప్పులు, వాటి మీది దుమ్మును కొంగుతో తుడుస్తున్న ఒక ఆడమనిషి చెయ్యి. అంతే. నా చేతిలోని కాయ చేతిలోనే ఉండిపోయింది. ఆ సినిమా నేను జన్మలో చూడలేదు. అయినా ఆ గడప నాకు తెలుసు, ఆ చెప్పులు తెలుసు, కుడికాలి చెప్పు వారు ఒకసారి తెగితే నల్లదారంతో కుట్టించారని తెలుసు, ఆ చెప్పుల మనిషి చివరికి తిరిగి వస్తాడనీ, వచ్చినప్పుడు కాలు ఒక్కటే కనబడుతుందనీ, మొహం చూపించరనీ తెలుసు. ఒక్కటే తేడా. టీవీలో బొమ్మ నలుపు తెలుపుల్లో ఉంది. నాకు తెలిసిన కొంగు వంగపండు రంగుది.

చూడని సినిమా అంత వివరంగా ఎట్లా తెలుసునని నా మనవరాలు అడిగింది. డిచ్‌పల్లిలో యూనివర్సిటీకి రోజూ ఇక్కడినుంచే బస్సులో పోయివచ్చే పిల్ల. ఏ సంగతికైనా రుజువు అడగడం ఆ చదువులో నేర్పుతారో, నా రక్తంలోనుంచే వచ్చిందో చెప్పలేను. ఆ పిల్లకు ఆ రోజు సగమే చెప్పిన జవాబును ఇక్కడ రాస్తున్నాను, కొంత సాగదీసి. మా తరం వాళ్లు సాగదీతకు అలవాటు పడ్డవాళ్లే కాబట్టి నాకు బెంగ లేదు.

ముందుగా ఒక మాట. సినిమాల విషయంలో, సీరియళ్ల విషయంలో నేను మెతక మనిషిని కాను. చూస్తాను, చూసినదానికి లెక్క అడుగుతాను. ఇప్పుడు రోజూ చూస్తున్న సీరియల్లో, మేము మక్కలు వేసినప్పుడు మొదలైన పెళ్లి, మక్కలు కోసి ఒలిచి ఎండబెట్టి అమ్ముకున్నా ఇంకా మూడో ముడి పడలేదు. ఆ పురోహితుడు అన్నం తినేదెప్పుడని నా అనుమానం. మొన్న వచ్చిన ఒక కొత్త సినిమాలో హీరో పసుపు మార్కెట్లో పదిమందిని కొడితే పసుపు పొడి మేఘంలా లేచి తెరంతా కమ్మింది, హాల్లో పిల్లలు ఈలలు వేశారు. మార్కెట్‌కు వచ్చేది కొమ్ము నాయనా, పొడి కాదు. కొమ్ముల కుప్ప మీద పడ్డవాడి నడుము విరుగుతుంది గాని మేఘం లేవదు. పాటల పోటీల్లో పిల్ల నోరు తెరవకముందే న్యాయమూర్తులు కళ్లు తుడుచుకోవడం మొదలుపెడతారు, పాట అయ్యేసరికి వాళ్ల దగ్గర ఏమి మిగులుతుంది? మనవరాలు ఫోన్లో చూసే నేర పరిశోధన సీరియళ్లలో అందరూ గొంతు తగ్గించి, చీకట్లో మాట్లాడుకుంటారు. ఎవరైనా ఒకరు లేచి లైటు వేస్తే సగం నేరాలు మొదటి భాగంలోనే తేలిపోతాయి.

ఇంత పట్టుదల నాకు ఎక్కడినుంచి వచ్చిందంటే, సినిమాలు చూసి కాదు, విని వచ్చింది. నేను ఈ ఆర్మూరుకు కోడలిగా వచ్చిన కొత్తలో మా వసారా బీడీల వసారా. మా అత్త, అత్తకు తోటికోడలైన చిన్నత్త, నేను, పక్కింటి సాయిబుల ఖాలా, ఇంకా వాడకట్టు ఆడవాళ్లు ఒకరిద్దరు, అందరం ఒళ్లో చాటలు పెట్టుకుని గోడ పొడుగునా కూర్చునేవాళ్లం. తడిగుడ్డలో తునికాకు, చాటలో తంబాకు, బొటనవేలికి చుట్టుకున్న దారం. సాయంత్రానికి కట్టలు కట్టి కార్ఖానాకు మోసుకుపోవాలి. టాకీసులో కొత్త సినిమా వచ్చిందంటే అందరికీ చూడాలనే ఉండేది, కాని అందరం లేచిపోతే ఆ రోజు కార్ఖానాకు ఏమి తీసుకుపోతాం? అందుకని మా వసారాకు ఒక పద్ధతి ఉండేది. ఒక్క మనిషిని సినిమాకు పంపేవాళ్లం, ఆ మనిషి చాట మిగతావాళ్లం నింపేవాళ్లం. ఆమె వచ్చి, మా చేతులు ఆగకుండా, మాకు సినిమా చెప్పాలి. మొదట్లో వంతులవారీగా పంపేవారట. ఖాలా పోతే పాటలన్నీ పాడి కథ మరిచిపోయేదనీ, మా అత్త పోతే ఏడ్చి ఏడ్చి సగం చూడకుండా వచ్చేదనీ, చివరికి అందరూ కలిసి ఆ పనిని చిన్నత్తకే ఒప్పజెప్పారు.

చిన్నత్త సినిమా చెప్పడం మొదలుపెట్టేది హీరోయిన్ చీర రంగుతో. చీర రంగు తెలియనిదే ఆ మనిషి మంచి చెడ్డలు ఎట్లా తెలుస్తాయని ఆమె వాదన. సినిమాలకు పేర్లు కూడా ఆమే పెట్టేది. అసలు పేర్లు ఎవరికి గుర్తుంటాయి? రెండెడ్ల సినిమా, గాజుల పెట్టె సినిమా, వానలో అవ్వ సినిమా. ఫైటింగులన్నీ ఒక్క మాటతో ముగించేది: కొట్టుకున్నరు, అంతే. అందుకే నాకు తెలిసిన ఆ కాలపు సినిమాల్లో ఒక్క ఫైటింగూ లేదు, ఇప్పుడు అవే సినిమాలు టీవీలో వస్తే ఇంత రక్తం ఎక్కడిదని ఆశ్చర్యపోతుంటాను. ఆమె చెప్పే ప్రతి విలన్‌కూ కార్ఖానాలో మా బీడీలు ఏరి పక్కన పడేసేవాడి గొంతు ఉండేది. ఆ గొంతు విన్న చెవులకు ఇప్పటి విలన్లు ఎవరూ విలన్లుగా ఆనరు. ఎక్కడైనా అనుమానం వచ్చి, ఇందాక రైలు దిగింది ఒక్కడే అన్నావు కదా, ఇప్పుడు తమ్ముడెక్కడినుంచి వచ్చాడని నేను అడిగితే, ఆమె చేతిలోని ఆకు కింద పెట్టి నావైపు చూసేది.

"నువ్వు కోడలివా, తాసిల్దారువా? ఎనక డబ్బలున్నడు తీ! రైలుకు ఒక్కటే డబ్బా ఉంటదా?"

అందరూ నవ్వేవారు. నేను అడగడం మానలేదు, ఆమె జవాబు చెప్పడం మానలేదు. ఇప్పుడు ఆలోచిస్తే, ఆమె కథకు మేకులు కొట్టి గట్టిచేసింది నా ప్రశ్నలేనేమో.

మా అత్త మాట వేరు. ఆమె ప్రతి సినిమాలోనూ శకునం వెతికేది. తెర మీద పిల్లవాడికి జ్వరం వచ్చిందని చిన్నత్త చెబితే, మా ఇంట్లో పిల్లల నుదుళ్లు పట్టి చూసేది. కథలో కూతురికి మంచి సంబంధం కుదిరితే ఆ వారంలోనే వాడకట్టులో పెళ్లిచూపులు పెట్టించేది. ఊరికే ఎందుకు ఆడతదే గా సినిమా మన ఊర్లె, మనకు జెప్పనీకే గదా, అనేది. ఇది తెలివితక్కువతనం అని ఇప్పుడు అనిపిస్తుంది గాని, ఆ రోజుల్లో మా వసారాలో ఎవరికీ అట్లా అనిపించలేదు. నాతో సహా.

ఇక మా వదిన సంగతి. వదిన అంటే మా ఇంటాయనకు అక్క. మోర్తాడ్‌కు ఇచ్చారు. పెళ్లయిన రెండో ఏడే ఆమె పెనిమిటి దుబాయి పోయాడు. మొదట నెలకొక ఉత్తరం వచ్చింది, తరవాత పండుగకొకటి వచ్చింది, ఆ తరవాత అదీ లేదు. అతనితో పోయినవాళ్లు తిరిగివచ్చి, కంపెనీ విడిచిపెట్టి ఎటో పోయాడని మాత్రం చెప్పారు. వదిన పుట్టింటికి వచ్చి మా వరసలో కూర్చుని బీడీలు చుట్టేది. ఆమె తల దించిందంటే సాయంత్రం కట్టలు కట్టేదాకా ఎత్తదు. ఉత్తరం ఆగిపోయాక ఒక పసుపు పంట వచ్చి పోయింది, రెండో పంట తవ్వుతుండగా మా అత్త ఇంక ఆగలేకపోయింది.

"ఎన్నేండ్లని సూస్తది పిల్ల? వయసేమన్న కట్టేసిన బర్రెనా, ఉన్నకాడనే ఉండనీకి?"

కులపెద్దలను కూర్చోబెట్టి ఆ సంబంధం తెంపించి, మారు మనువు చేయాలని ఆమె నిర్ణయం. ఏర్గట్ల వైపు ఒక సంబంధం కూడా చూశారు, భార్య పోయిన మనిషి, మంచివాడే. శివరాత్రి వెళ్లాక కూర్చుందామని పెద్దలు మాట ఇచ్చారు. వదినను అడిగితే అవునన్నది లేదు, కాదన్నది లేదు. అందరూ ఆమె మౌనాన్ని ఒప్పుకోలు కింద రాసుకున్నారు. ఆమెకు వద్దని ఉందేమోనని నాకు ఒకటి రెండుసార్లు అనిపించింది గాని, కొత్త కోడలిని, నా అనిపించడానికి ఎంత విలువ?

సరిగ్గా ఆ వారంలోనే టాకీసులో ఆ సినిమా వచ్చింది. అప్పటికే పాతది, రెండో విడత మా ఊరికి వచ్చిందట. ఆ రోజు నాకు బాగా గుర్తు. పెరళ్లలో పసుపు ఉడుకుతూ ఉంది, ఊరంతా ఆ పచ్చి వాసన, సిద్ధుల గుట్ట వైపు నుంచి గాలి వచ్చినప్పుడల్లా పొగ మా వసారాలోకి తోసుకొచ్చేది. చిన్నత్త పొద్దుటి ఆటకు పోయింది. వదినకు ఒళ్లు వెచ్చగా ఉందని, దారిలో దవాఖానలో చూపిస్తానని తనవెంట తీసుకుపోయింది. నా చాట నింపుకుని, చిన్నత్త చాట నింపి, వదిన చాట కూడా నేనే నింపాల్సి వచ్చిందని సాయంత్రానికి నా వేళ్లు చెప్పాయి. ఆ సంగతి కూడా మరిచిపోలేదు. నేను అట్లాంటివి మరిచిపోయే రకం కాదు.

మధ్యాహ్నం వచ్చి, కాళ్లు కడుక్కుని, చిన్నత్త మొదలుపెట్టింది. వంగపండు రంగు చీర. కొత్తగా పెళ్లయిన పిల్ల. పెనిమిటి ఓడ మీద పనికి పోతాడు, పోతూ పోతూ పాత చెప్పులు గడప బయట విడిచిపోతాడు. ఆ పిల్ల వాటిని తీయదు. రోజూ తుడుస్తుంది, వాన వస్తే చూరు కిందికి జరుపుతుంది, ఎండ వస్తే మళ్లీ గడప దగ్గర పెడుతుంది. ఊరు నవ్వుతుంది, అత్త తిడుతుంది, ఏళ్లు పోతాయి. మా అత్త గడప మీద కూర్చుని వింటోంది, ఖాలా పాట కోసం కూడా అడగలేదు. నేను మాత్రం, అన్నేళ్లు వానకు ఎండకు ఉంటే చెప్పుల వార్లు తెగవా అని అడిగాను. తెగింది, కుడికాలిది, నల్లదారంతోని కుట్టిచ్చింది అంది చిన్నత్త, ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా. చివరికి వచ్చేసరికి ఆమె ఆగి, మంచినీళ్లు అడిగి తాగింది. చెంబు కింద పెట్టింది.

"పొద్దుగూకుతున్నది. ఈమె తుడుస్తున్నది. చెప్పులల్ల ఒక కాలొచ్చి పడ్డది. మొకం జూపియ్యలే. కాలే. గా కాలును జూసింది, తల ఎత్తలే, గా కాలి మీద చెయ్యి పెట్టింది."

మా వసారాలో బీడీలు చుట్టే చేతులన్నీ ఒక్కసారి ఆగిపోవడం నేను చూసింది ఆ రోజే. మా అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. వదిన మాత్రం తల ఎత్తలేదు, ఆమె చేతులొక్కటే ఆగకుండా చుడుతున్నాయి. పాపం, గుండె రాయి చేసుకున్నదని అనుకున్నాను. మర్నాడు మా అత్త పెద్దలకు కబురు పంపింది, ఇప్పుడే వద్దు, ఉగాది పోనీయండి అని. ఉగాది పోయాక, వానలు పడనీయండి అంది. వానలు పడ్డాక ఆ మాటే ఎత్తలేదు. ఏర్గట్ల సంబంధం వేరే ఇంటికి పోయింది. ఆ మరుసటి ఏడు దుబాయిలో కాగితాలు లేనివాళ్లకు మాఫీ ఇచ్చారని, మా వదిన పెనిమిటి చేతిలో చిన్న సంచితో దిగాడు. కంపెనీ విడిచి ఖల్లివల్లిగా, అంటే కాగితాలు లేకుండా దాక్కుని పనిచేశాడట. ఉత్తరం రాస్తే పట్టుబడతానేమోనన్న భయం, పట్టుబడకపోయినా రాయడానికి మొహం చెల్లకపోవడం. వాళ్లకు తరవాత ఇద్దరు పిల్లలు పుట్టారు. ఆయన కాలం చేసి మూడేళ్లవుతుంది, మంచి మనిషి, కొంచెం కోపం.

అందుకే ప్రకటన చూసిన వెంటనే వదినకు ఫోన్ చేసి, మన చెప్పుల సినిమా ఆదివారం వస్తున్నది అని చెప్పాను. పొద్దుగాల బస్సుకే వస్త పిల్లా అంది.

ఆదివారం దాకా ఆగి ఉంటే బాగుండేదేమో. నాకు ఆగలేదు. ఆ కాలు పడే దృశ్యాన్ని నిజంగా ఎట్లా తీశారో, చిన్నత్త చెప్పినట్టే ఉందో లేదో చూడాలన్న కుతూహలం నన్ను కూర్చోనివ్వలేదు. గురువారం నాడు మనవరాలు ఫోన్లో ఆ సినిమా వెతికి పెట్టి ఇచ్చింది. చిన్న తెర, కళ్లద్దాలు పెట్టుకుని మొదటినుంచీ చూశాను. చిన్నత్త ఎంత సరిగ్గా చెప్పిందో అనుకుంటూ చూశాను. అత్త తిట్టే మాటలు కూడా దాదాపు అవే. చెప్పు వారు మాత్రం ఎక్కడా తెగలేదు. సరే, అది నా ప్రశ్నకు పుట్టిన వారు. చివరికి వచ్చింది. ఆ పిల్ల చెప్పులు తుడుస్తూ ఉంది. నేను కాలు కోసం చూస్తున్నాను. కాలు వచ్చింది. పెనిమిటిది కాదు. మండుటెండలో ఒట్టికాళ్లతో పోతున్న ఒక ముసలాయన ఆ వాకిట్లో నీళ్లకోసం ఆగాడు. ఆమె అతని కాళ్లు చూసింది, చెప్పులు చూసింది, వాటిని తీసి అతనికి ఇచ్చేసింది. లోపలికి పోయింది. సినిమా అయిపోయింది.

తప్పు సినిమా పెట్టిందని మనవరాలిని కోప్పడ్డాను. ఆ పిల్ల ఓపికగా చూపించింది, ఇదే, ఇంకొకటి లేదని. అప్పుడు కూర్చుని ఆలోచించాను. శివరాత్రి ముందు వారం. పెద్దలు కూర్చోవలసిన వారం. చిన్నత్త మంచినీళ్లు అడిగిన క్షణం. మా వదిన మొహం చూసి, ఆమె గుండె పగలకూడదని చిన్నత్త అప్పటికప్పుడు ఆ కాలును సృష్టించింది, వదిన ఆ కాలును నమ్ముకుని నిలబడింది. నాకు అంతా అర్థమైపోయింది అనుకున్నాను. అర్థమైనకొద్దీ భయం వేసింది. ఏ కథను పట్టుకుని ఆ మనిషి అన్నాళ్లు నిలిచిందో ఆ కథే లేదని, డెబ్బయి దాటిన వయసులో, పెనిమిటి పోయిన మూడేళ్లకు, నా ఇంట్లో, నా టీవీలో, నేను పిలిచి మరీ చూపించబోతున్నాను.

రానివ్వకుండా చేయడానికి నాకు ఒక్క ఉపాయమూ తోచలేదు. వచ్చాక చూడనివ్వకుండా చేద్దామనుకున్నాను. ఆదివారం పొద్దున్నే వదిన దిగింది, సంచీలో పచ్చి మక్కలు, మొహం మీద పెళ్లికి వచ్చినంత ఉత్సాహం. వంట ఆలస్యం చేశాను. ఆమె వచ్చి పక్కన నిలబడి కూరగాయలు తరిగేసింది. ఆ సినిమాలో బొమ్మ సరిగా ఉండదట, వేరే చానల్లో మంచిది వస్తున్నదట అన్నాను. ఉండకపోతే మానె, మన కండ్లు మంచిగున్నయా ఏంది, అంది. కరెంటు పోతే బాగుండునని కోరుకున్నాను. కోరుకుంటే పోయే కరెంటా అది, ఆవకాయ పెట్టిన రోజే పోతుంది.

సినిమా మొదలైంది. వదిన కదలకుండా చూస్తోంది. నేను సినిమా చూడలేదు, వదిననే చూశాను. చివరికి వస్తున్నకొద్దీ నా ప్రాణం నిలవలేదు. ఆ పిల్ల చెప్పుల ముందు కూర్చుంది. నేను లేచి నిలబడి, వదినా, దా, జర పెరట్లకు పోదాం, కరివేపాకు మొక్క చూపిస్త అన్నాను. మధ్యాహ్నం ఎండలో కరివేపాకు మొక్క.

"ఏందే గీ కరివేపాకు లొల్లి? కూసో. ఇప్పుడే ముసలాయన వస్తడు, చెప్పులిస్తది జూడు."

నేను కూర్చున్నాను. ముసలాయన వచ్చాడు. చెప్పులు ఇచ్చింది.

నీకెట్లా తెలుసు వదినా అని అడిగితే, ఆమె నన్ను చూసిన చూపు అచ్చం చిన్నత్త చూపే. ఆ రోజు దవాఖానకు పోయిందెవరు, జ్వరమెవరికి, అంది. ఇద్దరూ కలిసి సినిమాకే పోయారట. నేను ముగ్గురి చాటలు నింపిన రోజు. లెక్కంతా నా దగ్గరే ఉంది, ఇన్నేళ్లూ కూడిక ఒక్కటే వేయలేదు.

టాకీసులోంచి బయటికి వచ్చాక, ఎండలో, వదినే చిన్నత్త చెయ్యి పట్టుకుందట. చిన్నమ్మా, ఆయన వచ్చిండని చెప్పు. చిన్నత్త మొదట ఒప్పుకోలేదట. ఉన్న సినిమాను లేనట్టు చెప్పుడు నాతోని గాదు బిడ్డా, గా తాసిల్దారు కోడలు పట్టేస్తది, అందట.

"మా అవ్వ, గదే మీ అత్త, గామె సంగతి నీకెర్కనే గదా. చెప్పులు ఇచ్చేసిందని ఇంటే, తెల్లారే పెద్దమనుషులను కూసోబెడ్తుండె. నా మాట ఎవలింటరు? సినిమా మాటైతే ఇంటది. అందుకే సినిమాతోని చెప్పిచ్చిన."

మరి కాలు సంగతి, అని అడిగాను. గా కాలు చిన్నమ్మదే, నేను చెప్పలే, అంది వదిన. వచ్చిండని ఒక్క ముక్క చెప్పమంటే, ఆమె గంత జేసింది. ఇంటుంటే నాకే ఏడుపొచ్చింది, తల ఎత్తితే దొరికిపోతనని చుట్టుకుంటనే కూసున్న. వారం పోయాక ఖాలా కూడా ఆ సినిమా చూసి వచ్చిందట. వసారాలో అడుగు పెడుతూనే వదినను, చిన్నత్తను మార్చి మార్చి చూసి, అరే హా, ఆగయా, వచ్చిండు, నేను గూడ జూసిన, కాలు మస్తు జూపిచ్చిండ్రు, అని పెద్దగా చెప్పి తన చాట ముందేసుకుందట. ఆమె కొడుకు కూడా అప్పుడు సౌదీలో ఉన్నాడు.

ఈ మూడు రోజులూ ఆ అబద్ధం వదిన కోసం అల్లింది అనుకుని నేను కంగారుపడ్డాను. అది మా కోసం అల్లింది. వదిన ఎవరి కథనూ పట్టుకుని నిలబడలేదు. తనకు ఎదురుచూడాలని ఉంది, చూసింది. అడ్డం రాకుండా మమ్మల్ని పక్కన కూర్చోబెట్టడానికి ఒక కథ కావలసి వచ్చింది. ఇంకా విచిత్రమేమంటే, ఏ ముగింపు బాగుందని అడిగితే ఆమె ఈ నలుపు తెలుపుల ముగింపే బాగుందంటుంది. చెప్పులు ఇచ్చేసింది గని తలుపు ముయ్యలే, సూసినవా, అని అడిగింది. నేను చూడలేదు. ఫోన్లో ఒకసారి, టీవీలో ఒకసారి, రెండుసార్లు కళ్ల ముందే ఉన్నా చూడలేదు. ఆమె కుర్రతనంలో ఒక్కసారి చూసి ఇంతకాలం గుర్తుపెట్టుకుంది. నేను మాత్రం చిన్నత్త కాలే గొప్పదని వాదించాను, ఇప్పటికీ అదే అంటాను. దేనికైనా రుజువు అడిగే నేను లేని కాలును పట్టుకుని కూర్చోవడం, ఎదురుచూసి మనిషిని తెచ్చుకున్న ఆమె ఇచ్చేసిన చెప్పులను మెచ్చుకోవడం, ఇదెట్లా కుదిరిందో నాకు ఇంకా తెలియదు. తెలుసుకోవాలని ఉంది.

ఇప్పుడు మా వసారాలో బీడీలు లేవు, చిన్నత్త లేదు, అత్త లేదు, ఖాలా లేదు. టాకీసు ఉన్నచోట ఫంక్షన్ హాలు కట్టారు. ఇంట్లో ఎంతమంది ఉంటే అన్ని తెరలు, ఎవరి సినిమా వారి చెవుల్లో. ఏది కావాలంటే అది, ఎప్పుడు కావాలంటే అప్పుడు చూడవచ్చు, నాకు అది ఇష్టమే, కాదనను. కాని ఆ తెరల్లో ముగింపు ఆర్మూరులోనూ అదే, మోర్తాడ్‌లోనూ అదే. మా వాకిట్లో ఎవరు ఎవరి కోసం చూస్తున్నారో, ఈ వారం ఎవరింట్లో పెద్దలు కూర్చుంటారో ఆ తెరకు తెలియదు. చిన్నత్తకు తెలిసేది. ఆమె టాకీసునుంచి ఇంటికి నడిచివచ్చే ఆ కొంచెం దారిలో, ఎండలో, సినిమా మా ఇంటి సినిమా అయ్యేది.

మనవరాలు మేడ మీదినుంచి చెవుల్లో తీగలు తీసుకుంటూ దిగి వచ్చింది. ఫోన్లో సినిమా వెతికి ఇచ్చింది గాని తాను చూడలేదు, అంత పాతది చూసే ఓపిక తనకెక్కడిది.

"ఏమైంది బాపమ్మా, చివరికి ఆయన అచ్చిండా లేదా? జల్ది చెప్పు."

వదిన నావైపు చూసింది. నేనూ వదినవైపు చూశాను. ఆమె ఆ పిల్ల చేతిలోని ఫోను తీసి పక్కన పెట్టి, ఒళ్లో ఒక చాటెడు మక్కకంకులు పోసి ఒలువుమంది. ఆ పిల్ల ఒలవడం మొదలుపెట్టేదాకా ఆగి, నేను ముందు చీర రంగు చెప్పాను. వంగపండు రంగు.